ఆ లిస్టులో పదో పేరు నాదే

2021 అక్టోబరులో నాకు వచ్చిన ఈ ఉత్తరం చాలా పెద్దది. రాసినావిడ పేరు వద్దన్నారు, ఊరు కూడా రాయలేదు. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు నేనే తీసేసి, మిగతాది కుదించి చెబుతున్నాను.

ఆమెకు 36 ఏళ్ళు. ఒక పెద్ద ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. పన్నెండేళ్ళ కింద నేల తుడిచే పనికి చేరి ఇక్కడిదాకా వచ్చారు. ఇప్పుడు ఆమె కింద 22 మంది ఉన్నారు. కోవిడ్ వార్డు, ప్రసూతి వార్డు లాంటివి తుడిచేవాళ్ళు, మంచాల మీద దుప్పట్లు మార్చేవాళ్ళు, వాడేసిన సూదులూ కట్లూ ఉన్న చెత్త సంచులు మోసేవాళ్ళు. అందరూ కాంట్రాక్టు మీదే, ఆమెతో సహా. 2020లో కరోనా మొదలైనప్పటి నుంచి వీళ్ళెవరికీ ఇంట్లో కూర్చునే అవకాశం రాలేదు. సిబ్బందికి టీకా మొదలుపెట్టిన మొదటి వారంలోనే ఆమె పేరు వచ్చింది. వెళ్ళారు, లైన్లో నిలబడ్డారు, ముందు ఇంకా ఇద్దరే ఉన్నారనగా బాత్రూంకి వెళ్ళొస్తానని చెప్పి వెనక గేటు నుంచి బయటికి వచ్చేశారు.

ఎందుకంటే ఆమెకు రెండుసార్లు గర్భం పోయింది, ఇప్పుడు మళ్ళీ ప్రయత్నిస్తున్నారు. టీకా వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరని చెప్పే వీడియో ఒకటి ఫోన్లో తిరిగింది, భర్త చూపించాడు. "నమ్మానని కాదు, నమ్మలేదని కూడా కాదు" అని రాశారు.

మర్నాడు డ్యూటీలో అందరూ అడిగారు. "వేయించుకున్నా, ఏమీ కాలేదు, చెయ్యి కాస్త లాగింది అంతే" అనేశారు. మేనేజర్ అడిగితే ఇంటి దగ్గర వేయించుకున్నానన్నారు, సూపర్‌వైజర్ కదా, కాగితం ఎవరూ చూపించమనలేదు. ఆమె మాట మీద ఇద్దరు వెళ్ళి వేయించుకున్నారు. అందులో ఒకతనికి రెండు రోజులు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది, ఆ రెండు రోజుల జీతం కోశారు. "నీకేం కాలేదన్నావుగా అక్కా" అని ఇప్పటికీ అంటాడట. ఈలోగా అక్కడే పనిచేసే 41 ఏళ్ళ సెక్యూరిటీ గార్డు టీకా వేసుకున్న తొమ్మిదో రోజున గుండెపోటుతో చనిపోయాడు. దాంతో ఇంకా వేసుకోని తొమ్మిది మంది బిగుసుకుపోయారు. ఆ తొమ్మిదిలో షుగర్ ఉన్న 58 ఏళ్ళ పెద్దావిడ ఒకామె మాత్రం, "నువ్వు పక్కన నిలబడితే వేయించుకుంటా, నీకేం కాలేదు కదా" అంటోంది.

ఇప్పుడు అక్టోబరు నెలాఖరుకల్లా వేసుకోనివాళ్ళ పేర్లు రాసిమ్మని మేనేజర్ అడిగారు. ఆ పేర్లున్నవాళ్ళ కాంట్రాక్టు పొడిగించరని అందరూ చెప్పుకుంటున్నారు. "తొమ్మిది పేర్లు రాద్దామని కూర్చున్నా. నిజంగా రాస్తే పది రాయాలి, పదో పేరు నాదే. నేనేం చేయాలో ఒక్కమాటలో చెప్పండి."

ఒక్కమాటలో చెప్పలేనండీ. ఒక్కమాటలో చెప్పేవాళ్ళు మీ చుట్టూ ఇప్పటికే చాలామంది ఉన్నారు. వేసుకో అనేవాళ్ళూ, వద్దు అనేవాళ్ళూ. మీకు నిద్ర లేకుండా చేసింది వాళ్ళే కదా.

ముందుగా ఒకటి చెప్పాలి. మీ ఉత్తరంలో మీరు "పిరికిదాన్ని" అని ఐదుసార్లు రాసుకున్నారు, నేను లెక్కపెట్టాను. మొదటి వేవ్‌లో, ఆ జబ్బు గాలిలో వస్తుందో తాకితే వస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో, డాక్టర్లు కూడా గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వెళ్ళిన గదుల్లోకి మీరు బకెట్టు పట్టుకుని వెళ్ళారు. కాబట్టి ఆ మాట నేను ఒప్పుకోను. రెండుసార్లు కడుపు పోయిన మనిషి మూడోసారి గురించి భయపడటం చాలా మామూలు సంగతి. భయపడినందుకు మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. భయపడలేదని చెప్పారు చూడండి, లెక్క చెప్పుకోవాల్సి వస్తే దానికి.

ఇందులో మూడు ముడులు పడి ఉన్నాయి. మీ ఒంటి సంగతి, మీరు ఆడిన అబద్ధం, మేనేజర్ అడిగిన లిస్టు. మూడోదానికి గడువు ఉంది కాబట్టి మీరు అక్కడి నుంచి మొదలుపెట్టారు, నాకేమో మొదటిది విప్పకుండా మిగతా రెండూ లాగితే ఇంకా బిగుసుకుంటాయనిపిస్తోంది.

సరే, ఆ వీడియో సంగతి చూద్దాం. నేను డాక్టర్ని కాను, అయినా ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలను. 2020 డిసెంబరులో, టీకాలకు అనుమతులు వస్తున్న రోజుల్లోనే, యూరప్‌లో మందులకు అనుమతులిచ్చే సంస్థకు ఇద్దరు ఒక అర్జీ పెట్టారు. వైరస్ మీద ముళ్ళలా ఉండే స్పైక్ ప్రోటీన్‌కీ, కడుపులో మాయ ఏర్పడటానికి కావలసిన సిన్సైటిన్-1 అనే ప్రోటీన్‌కీ కొంత పోలిక ఉందట, ఒకదాని మీద తయారైన యాంటీబాడీలు రెండోదాని మీద కూడా పడొచ్చేమోనట. అర్జీలో 'పడొచ్చేమో' అని ఉన్నది ఫోన్లలోకి వచ్చేసరికి 'పడుతుంది' అయిపోయింది. తర్వాత చూసిన శాస్త్రవేత్తలు ఆ పోలిక అంతంతమాత్రమేనని తేల్చారు, అది సరే. నాకు నచ్చిన జవాబు ఇంకొకటి ఉంది, దానికి చదువు కూడా అక్కర్లేదు. కరోనా వచ్చి తగ్గినవాళ్ళ ఒంట్లో కూడా ఆ స్పైక్ మీదే యాంటీబాడీలు తయారవుతాయి. ఆ వీడియో చెప్పేది నిజమైతే కరోనా వచ్చి తగ్గిన ఆడవాళ్ళకి ఇక పిల్లలు పుట్టకూడదు. ప్రసూతి వార్డు మీ కిందే ఉందని రాశారు. ముందు కరోనా వచ్చి తగ్గి, తర్వాత కడుపు పండి, అక్కడికి వచ్చి కన్నవాళ్ళు ఎవరూ లేరా? అక్కడి నర్సులనే అడగండి.

ఇంకో సంగతి. మొదటి టీకా ట్రయల్స్‌లోకి గర్భిణులను తీసుకోలేదు, ఆ మాట నిజం, అందుకే మొదట్లో డాక్టర్లు కూడా నీళ్ళు నమిలారు. కానీ మనుషులు మనుషులే కదా, ట్రయల్ మధ్యలో గర్భం వచ్చినవాళ్ళు ఉన్నారు. ఫైజర్ ట్రయల్‌లో 2020 నవంబరు నాటికి 23 మంది, వాళ్ళలో అసలు టీకా పడినవాళ్ళు 12 మంది, ఉత్త సెలైన్ సూది పడినవాళ్ళు 11 మంది. చిన్న సంఖ్యే, దాంతో పెద్ద పెద్ద విషయాలు తేలవు, అయినా 'ఇక పుట్టరు' అనే మాటకు ఇది చాలు. 2021 ఆగస్టు 11న అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ గర్భిణులతో పాటు గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు కూడా వేసుకోవాలనే చెప్పింది. టీకా తర్వాత నెలసరి కాస్త అటూ ఇటూ అయిందని కొందరు ఆడవాళ్ళు చెప్పారు, దాన్ని కొట్టిపారేయకుండా 2021లోనే పరిశోధన మొదలుపెట్టారు. ఇంకోవైపు చూస్తే, గర్భంతో ఉన్నప్పుడు కరోనా వస్తే ఐసీయూ దాకా వెళ్ళే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం మామూలు కంటే ఎక్కువని ఇప్పటికే తేలింది. మీరు పనిచేసేది కోవిడ్ వార్డులో. వీడియో తీసినతను ఎక్కడ పనిచేస్తాడో నాకు తెలియదు గానీ కోవిడ్ వార్డులో మాత్రం కాకపోవచ్చు.

ఇంత చెప్పాక కూడా 'రేపే వెళ్ళి వేయించుకోండి' అని నేను అనను. ముందు మీరు చూపించుకునే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. రెండుసార్లు ఎందుకు పోయిందో మీకు ఎవరైనా కారణం చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. కొంతమందికి రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావం వల్ల గర్భం నిలవదు, దానికి రక్తపరీక్షలుంటాయి, మందులుంటాయి. అలాంటిదేమైనా మీకుంటే ఏ టీకా వేసుకోవాలన్నది కూడా మాట్లాడాల్సిన విషయమే, ఎందుకంటే ఆస్ట్రాజెనెకా టీకాతో చాలా అరుదుగా, సుమారు లక్షమందిలో ఒకరికి, ఒక ప్రత్యేకమైన రకం రక్తపు గడ్డలు వచ్చాయని 2021 ఏప్రిల్‌లో యూరప్ సంస్థే ఒప్పుకుంది. మీకున్న సమస్యకూ దానికీ సంబంధం ఉండకపోవచ్చు, ఆ సంగతి డాక్టరే చెప్పాలి. ఆవిడతో "టీకా మంచిదేనా" అని అడగకండి, మంచిదే అంటారు, మీరు తలూపి వచ్చేస్తారు. నాకు రెండుసార్లు పోయింది, మళ్ళీ ప్రయత్నిస్తున్నాం, నేను కోవిడ్ వార్డులో ఉంటాను, ఏ టీకా, ఎప్పుడు, రెండు డోసుల మధ్యలో గర్భం వస్తే ఏం చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే పరిగెత్తుకు రావాలి, ఇలా అడగండి. కాగితం మీద రాసుకెళ్ళండి, అక్కడికి వెళ్ళాక మర్చిపోతాం మనందరం. వీలైతే మీ ఆయన్ని తీసుకెళ్ళండి. ఇంట్లో ఆ వీడియో గురించి వాదన పెట్టుకోవడం కన్నా ఆయన అనుమానాలు ఆయనే డాక్టర్ని అడగడం మేలు. రాకపోతే మీరొక్కరే వెళ్ళండి, ఒళ్ళు మీది.

ఇక ఆ గార్డు. ఈ సంగతిని మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేశారు, కానీ మీ తొమ్మిది మంది మనసులో అన్నిటికంటే పెద్దది అదేనని నా అనుమానం. చనిపోయిన మనిషి వాళ్ళకి తెలిసినవాడు, గేటు దగ్గర రోజూ పలకరించినవాడు. అక్కడికి వెళ్ళి "అది టీకా వల్ల కాదు" అని ఎవరైనా అంటే నాకూ కోపం వస్తుంది, ఎందుకంటే అన్నవాళ్ళకి ఆ మాట ఎలా తెలుసు? పోస్టుమార్టం చేశారా? టీకా తర్వాత జరిగిన మరణంగా పైకి నమోదు చేశారా? తర్వాత జరిగిందంటే దానివల్ల జరిగినట్టు కాదు, అలాగని దానివల్ల కాదని తేలినట్టూ కాదు. కోట్లమందికి సూది వేస్తున్నప్పుడు, సూది లేకపోయినా ఆ వారంలో గుండెపోటు రావాల్సినవాళ్ళు వాళ్ళలో కొందరుంటారు, అది లెక్క. కానీ ఆ లెక్క చెప్పే హక్కు విచారణ జరిగాకే వస్తుంది. రక్తపు గడ్డల సంగతి బయటపడింది ఇలా ఒక్కో కేసూ రాసిపెట్టబట్టే, కుర్రాళ్ళలో కొందరికి ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాల తర్వాత గుండె కండరం వాచిందని 2021 వేసవిలో తెలిసింది కూడా అందువల్లే. ఆ గార్డు కేసు నమోదు అయిందో లేదో మీరు మేనేజర్ని అడగొచ్చు. అయిందంటే మీవాళ్ళకి చెప్పడానికి ఒక నిజమైన మాట దొరుకుతుంది. కాలేదంటే, మీవాళ్ళు నమ్మకపోవడానికి వాళ్ళకొక మంచి కారణమే ఉందన్నమాట.

జ్వరం వచ్చినతని విషయంలో మటుకు మీ అబద్ధం నేరుగా దెబ్బకొట్టింది. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావడం చాలామందికి ఉండేదే, ముందే చెప్పి ఉంటే అతను వారాంతపు సెలవు ముందు రోజు చూసుకుని వేయించుకునేవాడు. "ఏమీ కాలేదు" అన్న మాటతో డ్యూటీ మధ్యలో వెళ్ళాడు. రెండు రోజుల జీతం అతనికి ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. నాకు మొదటి డోసు తర్వాత ఒక రాత్రంతా చలిజ్వరం, మర్నాడు సాయంత్రం దాకా మంచం దిగలేదు, కానీ నేను ఇంట్లో కూర్చుని రాసుకునే మనిషిని, నా జీతం ఎవరూ కోయలేదు.

అందుకే, టీకాకి వెనకాడేవాళ్ళవి 'అపోహలు, మూఢనమ్మకాలు' అని కొట్టిపారేసే భాష నాకు చిరాకు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి సలహాలిచ్చే నిపుణులు కొందరు కూర్చుని, మనుషులు టీకాకి ఎందుకు వెనకాడతారో మూడు మాటల్లో చెప్పారు: ధీమా, వీలు, నమ్మకం. నాకేం కాదులే అన్న ధీమా, వేయించుకోవడానికి వీలు లేకపోవడం, వేసేవాళ్ళ మీద నమ్మకం లేకపోవడం. మీ తొమ్మిది మంది ఏమంటున్నారో ఉత్తరంలో రాశారు కదా, వాళ్ళని ఆ మూడింటిలో పెట్టి చూడండి. "ఏడాదిన్నర వార్డులోనే ఉన్నాం, అప్పుడు రానిది ఇప్పుడొస్తుందా" అన్న ఇద్దరిది ధీమా, దానికి జవాబు డెల్టా, అంటే ముందటికంటే వేగంగా పాకే కొత్త రకం కరోనా. జీతం పోతుందని భయపడేవాళ్ళ విషయం వీలు, వాళ్ళకి సైన్సు పాఠం చెప్పడం దండగ, రెండు రోజులు జీతంతో సెలవు ఇస్తే సగం పని అయిపోతుంది. ఇక "మొదట మన మీద వేసి చూస్తున్నారు" అన్నతను ఉన్నాడే, అతన్ని చూసి నవ్వకండి. అమెరికాలో టస్కీగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్ళు, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పేదలకి వైద్యం చేస్తున్నామని చెప్పి చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. చేసింది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖే. పేదవాడికి ఇలాంటి అనుమానం ఊరికే రాదు. అయితే ఈసారి సంగతి వేరని కూడా అతనికి చెప్పొచ్చు, ఎందుకంటే మొదటి వారం లైన్లో మీ ముందు నిలబడ్డది ఎవరు? డాక్టర్లు, నర్సులే కదా. ఒక్క ఫైజర్ ట్రయల్‌లోనే 40 వేలకు పైగా మనుషులు తమంతట తాము చేరారు.

"ఇంత తొందరగా ఎలా తయారైంది" అన్న ప్రశ్న కూడా తెలివితక్కువది కాదు. వైరస్ జన్యు క్రమం 2020 జనవరిలో బయటపెట్టారు, మోడెర్నా వాళ్ళు మార్చి 16కే మనిషికి మొదటి సూది వేశారు, డిసెంబరుకల్లా అనుమతులు. వింటే నాకూ మొదట గుండె ఝల్లుమంది. కానీ స్పైక్ మీద పని, ఇదే కుటుంబం వైరస్‌ల వల్ల వచ్చిన 2003 నాటి సార్స్ జబ్బు నుంచీ, తర్వాత మెర్స్ నుంచీ జరుగుతూనే ఉంది. ఒకటి అయ్యాక ఒకటి చేసే దశల్ని ఈసారి కొంత పక్కపక్కనే నడిపారు. ప్రభుత్వాలు ముందే డబ్బు పెట్టడంతో ఫలితం రాకముందే ఫ్యాక్టరీలు తయారీ మొదలుపెట్టాయి, అంటే పోతే డబ్బు పోతుందని తెగించారు. పైగా జబ్బు అంత విపరీతంగా ఉన్నప్పుడు టీకా పనిచేస్తుందో లేదో తెలియడానికి ఏళ్ళు పట్టదు. ఇదంతా మీ డాక్టర్లకు ఎవరో వీడియో మీటింగ్ పెట్టి చెప్పారని మీరే రాశారు. మీవాళ్ళకి మాత్రం సంతకం పెట్టమని ఒక ఫారం ఇచ్చారు. మొదటి రెండు నెలలు సరైన మాస్కులు కూడా ఇవ్వని మేనేజ్‌మెంట్ ఇప్పుడు 'మీ మంచికే' అంటే నమ్మడం ఎవరికైనా కష్టమే.

ఇప్పుడు అబద్ధం దగ్గరికి వద్దాం. మీ ముందు రెండు మూడు దారులున్నాయి, ఏదీ తేలిక కాదు.

ఒకటి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి వేయించుకోవడం. మీ మనసు దీని మీదే ఉంది, ఉత్తరం చివర్లో బయటపడ్డారు. మీ ఆరోగ్యం వరకు చూస్తే ఏ ఇబ్బందీ లేదు, డాక్టర్ సరేనంటే శుభ్రంగా వేయించుకోవచ్చు. చిక్కు ఏంటంటే సర్టిఫికెట్ మీద తేదీ ఉంటుంది. మేనేజర్ ఏదో ఒకరోజు అందరి కాగితాలూ అడుగుతారు, అప్పుడు అక్టోబరు తేదీ చూసి ఎవరైనా మాట్లాడితే ఈ కథంతా మీ నోటి నుంచి కాకుండా వేరేవాళ్ళ నోటి నుంచి బయటికొస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, తొమ్మిది మందితో మాట్లాడటానికి మీ దగ్గరున్న ఒకే ఒక్క మంచి మాట పోతుంది. "నేను కూడా లైన్లోంచి పారిపోయాను" అన్న మాట. అది చెప్పగలిగిన మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకెవరున్నారు?

రెండోది, ముందు డాక్టర్ని కలిసి, మీరు ఏదో ఒకటి తేల్చుకుని, ఆ తర్వాత మీవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పడం. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఉపన్యాసంలా వద్దు. ముందు మీ మాట నమ్మి వెళ్ళిన ఆ ఇద్దరికి విడిగా చెప్పండి, వాళ్ళకది బాకీ. జ్వరం వచ్చినతను తిడతాడు. తిట్టనివ్వండి. కొందరు ఎగతాళి చేస్తారు, సూపర్‌వైజర్ అబద్ధాలాడిందని ఇంకో షిఫ్టుకి పాకుతుంది, కొన్నాళ్ళు మీ మాట ఎవరూ ఖాతరు చేయకపోవచ్చు. మేనేజర్ దాకా వెళితే మీకు మెమో రావచ్చు, ఇంకా పెద్దదే జరగొచ్చు, అదేం జరగదని నేను హామీ ఇవ్వలేను. కాబట్టి ఇది చేసేముందు ఇంట్లో ఖర్చుల లెక్క కూడా ఒకసారి వేసుకోండి, నిజం చెప్పడం మంచిదే గానీ అద్దె కట్టాల్సింది మీరు.

మూడోది, డాక్టర్తో మాట్లాడాక కూడా వద్దనిపిస్తే వద్దనే నిర్ణయించుకోవడం. అది మీ హక్కని నేను అనుకుంటాను, తప్పు నిర్ణయం అని కూడా అనుకుంటాను, రెండూ. అలా చేస్తే కోవిడ్ వార్డు నుంచి వేరే చోటికి మార్చమని అడగండి, మాస్కు విషయంలో రాజీపడకండి, గర్భం వస్తే మొదటి రోజే డాక్టర్కి చెప్పండి. అలాగే మిగతావాళ్ళని ఒప్పించే పని నావల్ల కాదని మేనేజర్కి చెప్పేయాలి. తాను వేసుకోకుండా పక్కవాళ్ళని వేసుకోమనడం ఇకమీదట కుదరదు.

నన్నడిగితే రెండోదే. మీ స్థానంలో ఉంటే నేను చేయగలనా అంటే, ఏమో.

ఇక లిస్టు. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలే ఆసుపత్రి సిబ్బందికి తప్పనిసరి చేశాయి. ఇటలీ 2021 ఏప్రిల్‌లో చేసింది, ఫ్రాన్స్ అదే ఏడాది సెప్టెంబరు 15 గడువు పెట్టి, మర్నాటికి సుమారు 3 వేల మందిని విధుల నుంచి తప్పించింది. రోగుల వైపు నుంచి చూస్తే నాకు ఆ ఆలోచన అర్థమవుతుంది, కీమో చేయించుకుంటున్న మనిషి మంచం పక్కన తుడిచేవాళ్ళు టీకా వేసుకుని ఉండాలని ఆ మనిషి బంధువులు కోరుకోవడంలో తప్పేముంది? అయితే మీ దగ్గర ఉన్నది చట్టమా, మేనేజర్ నోటిమాటా? మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ కాగితంలో గడువు, మినహాయింపులు, వేసుకోకపోతే ఏం చేస్తారు అన్నీ ఉండాలి. ఇవ్వకపోతే పేర్లు రాసిచ్చే బాధ్యత మీ నెత్తిన వేసుకోకండి.

పేర్లకు బదులు సంఖ్య ఇవ్వొచ్చు. "22 మందిలో ఇన్ని మిగిలాయి, కారణాలు ఇవి, ఇవి చేస్తే తగ్గుతాయి" అని. టీకా మర్నాడు, ఆ మర్నాడు జీతం కోయకుండా సెలవు, షిఫ్టు టైములోనే ఒక అరగంట ఒక డాక్టరో నర్సో వచ్చి కూర్చుని ప్రశ్నలకి జవాబులు చెప్పడం, డ్యూటీ అయ్యాక దూరం వెళ్ళకుండా అక్కడే సూది, ఆ గార్డు విషయం ఏం తేలిందో చెప్పడం. ఇవన్నీ డబ్బులో పెద్ద ఖర్చు కావు, పని ఆపి తొమ్మిది మంది కొత్తవాళ్ళని తీసుకుని నేర్పించడం కన్నా చవక, మేనేజర్కి ఆ లెక్కలో చెప్పండి. ఒప్పుకోకపోవచ్చు. "పేర్లే కావాలి" అంటే, ఒక్కొక్కరికీ ముందుగా చెప్పి, వాళ్ళకి తెలిశాకే ఇవ్వండి. వెనకనుంచి రాసిచ్చిన లిస్టు ఎవరు రాశారో మూడు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. పేర్లు ఇచ్చే పరిస్థితి వస్తే మాత్రం, అప్పటికి మీరు ఇంకా వేసుకోకుండా ఉంటే, మొదటి పేరు మీదే రాయండి. తొమ్మిది రాసి పదోది దాచిన కాగితం మీద సంతకం పెట్టకండి, ఇది ఒక్కటే ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెబుతున్నది. ఎందుకంటే ఇప్పటిదాకా మీ అబద్ధం వల్ల పోయింది ఒకతని రెండు రోజుల జీతం. ఆ సంతకంతో తొమ్మిది మంది ఉద్యోగాలు పోతాయి, మీది మిగులుతుంది.

ఆ పెద్దావిడ గురించి. 58 ఏళ్ళు, షుగర్, కోవిడ్ వార్డు. తొమ్మిది మందిలో అందరికంటే ముందు టీకా పడాల్సింది ఆమెకే, మీ గొడవలన్నీ తేలేదాకా ఆమెను ఆపకండి. ఆమె రమ్మన్నది పక్కన నిలబడటానికి కదా, దానికి మీరు వేసుకుని ఉండాల్సిన పనిలేదు. "పిన్నీ, నేనింకా వేయించుకోలేదు, నా కారణం వేరు, పిల్లల కోసం డాక్టర్ని కలవబోతున్నా, నీకు ఆ ఇబ్బంది లేదు, నీకు షుగర్ ఉంది కాబట్టి నువ్వు ముందు వేయించుకో, నేను పక్కనే ఉంటా" అని చెప్పి చూడండి. మొహం మాడ్చుకోవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఒప్పుకుంటే మాత్రం, సూది తర్వాత అక్కడ పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా కూర్చోమంటారు, ఆ టైము పూర్తయ్యేదాకా మీరూ కూర్చోండి. వెళ్ళేముందు టిఫిన్ చేసిందో లేదో, షుగర్ మాత్ర వేసుకుందో లేదో అడగండి. సాయంత్రానికి జ్వరం రావచ్చని ఈసారి ముందే చెప్పండి.

నెలాఖరుకి ఇంకా మూడు వారాలు ఉన్నాయి. మేనేజర్ గదికి వెళ్ళేలోపు గైనకాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఈ వారమే. ఆవిడ ఏమన్నారో రాయండి, ఈసారి నాలుగు లైన్లు రాసినా చాలు.